గుసగుసలు వినపడని పిన్ని

పిన్నికి మెల్లగా మాట్లాడితే వినపడదు.

దీన్ని చెవుడు అనుకుంటే పొరపాటు. మేడమీద తలుపేసుకుని పడుకున్నా సరే, కింద వంటింట్లో బిస్కెట్ల డబ్బా మూత ఎవరు తీసినా పిన్నికి వినపడుతుంది. తీసింది ఎవరో కూడా తెలిసిపోతుంది. ఎక్కడ కుళాయి కారుతున్నా, పక్కింటివాళ్ళ ఫ్యాను కిర్రుమంటున్నా ముందుగా చెప్పేది ఆవిడే. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఈ మాట మనలో మాట" అన్నాడా, ఆ రెండు చెవులకూ గడియ పడిపోతుంది. "వినపడలా! గట్టిగా చెప్పు!" అంటుంది. ఆ అనడం మాత్రం వీధి చివరిదాకా వినపడుతుంది.

ఏళ్ళ తరబడి పిండిమర నడిపిన మనిషి కాబట్టి ఆ మోతకు చెవులు పోయాయని బయటివాళ్ళు జాలిపడతారు. ఇంట్లోవాళ్ళకు ఆ జాలి లేదు. అందరికంటే తక్కువ జాలి చిట్టికి. చిట్టి పిన్నికి అక్కకూతురు. అందరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు కాబట్టి, పిన్నితో బజారుకు వెళ్ళి తలవంచుకుని తిరిగిరావడం చిట్టికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

చిట్టి తల్లి, పిన్ని తోడబుట్టిన అక్కాచెల్లెళ్ళంటే ఎవరూ నమ్మరు. చిట్టి తల్లి ఇంట్లో ఉప్పు అయిపోయిందన్న సంగతి కూడా రహస్యంలాగే చెబుతుంది. "మెల్లగా మాట్లాడవే, పక్కవాళ్ళు వింటారు" అన్నది ఆవిడ రోజంతా చెల్లెలికి చెప్పే మాట. అది చెల్లెలికి ఏనాడూ వినపడలేదు.

ఒకసారి ఆవిడే చెల్లెలిని చెవుల డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు డిప్పలు తగిలించారు. ఎంత సన్నటి చప్పుడు పెట్టినా పిన్ని చెయ్యెత్తింది. పైగా బయటికొచ్చి, "మీ యంత్రంలో ఏదో మర వదులైంది నాయనా, బిగించుకో" అని సలహా ఇచ్చింది. డాక్టరు చిట్టి తల్లిని పక్కకు పిలిచాడు.

"ఈవిడ చెవులకేం లోటు లేదండీ. నాకంటే బాగా వినపడుతోంది," అన్నాడు మెల్లగా.

"ఏమంటున్నాడే అక్కా? వినపడలా!" అంది పిన్ని.

ఇంకోసారి గొడుగుల కొట్టు. కొట్టతను బేరం తెమలక విసిగిపోయి, ముందుకు వంగి, "మీరు తెలిసినవాళ్ళు కాబట్టి ఈ రేటుకిస్తున్నా, ఎవరితో అనకండి," అన్నాడు చెవిలో ఊదినట్టు. "వినపడలా! తెలిసినవాళ్ళకు తక్కువా? మరి తెలియనివాళ్ళకెంత?" అని పిన్ని అరిచేసరికి కొట్టులో ఉన్నవాళ్ళంతా గొడుగులు పట్టుకుని చుట్టూ మూగారు. ఆ పూట ఆ కొట్టులో అందరూ తెలిసినవాళ్ళే అయ్యారు. చిట్టి మాత్రం కొన్న గొడుగు అక్కడికక్కడే విప్పి మొహానికి అడ్డం పెట్టుకుంది.

చిట్టికి నరాల జబ్బు వచ్చినప్పుడూ అదే తంతు. పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరు గదిలోంచి బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, నడవాలో చిట్టి తల్లికి గొంతు తగ్గించి ఏదో చెప్పబోయాడు. పిన్ని ఆ తలుపు బార్లా తీసింది. "జబ్బు దానిది. లోపలికొచ్చి దాంతోనే చెప్పండి. గట్టిగా చెప్పండి," అంది. డాక్టరు మొహం చిట్లించుకుని లోపలికొచ్చాడు. కాళ్ళు ఇక పనిచేయవనీ, చేతులైనా నిలబడాలంటే నెలనెలా ఆసుపత్రిలో ఒక ఇంజెక్షన్ ఎక్కించుకోవాలనీ, అది ఒక్క నెల తప్పినా వేళ్ళ పట్టు పోతుందనీ, పోయిన పట్టు మళ్ళీ రాకపోవచ్చనీ చెప్పాడు. అంత పెద్ద సంగతి అంత గట్టిగా విన్న చిట్టి, ఆ రోజు డాక్టరు మీద రావలసిన కోపమంతా పిన్ని మీద చూపించింది.

చిట్టికి వైకల్య భత్యం వచ్చింది. భత్యంతో పాటు ఆరోగ్య బీమా వచ్చింది. ఇంజెక్షన్ ఖరీదు ఆ బీమా కట్టేది. అది సొంతంగా కొనగలిగే స్తోమత ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే ఎవరికీ లేదు. ఇంజెక్షన్ పుణ్యమా అని చిట్టి వేళ్ళు చక్కగా ఉన్నాయి. ఖాళీగా కూర్చోలేక గడియారాలు బాగుచేయడం నేర్చుకుంది. చక్రాల కుర్చీలో కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని, చీమతల కంటే చిన్న మరలు పట్టుకారుతో తీసి పెట్టగలిగే పనితనం వచ్చింది. బజారులో గడియారాల కొట్టు యజమాని పూటపనికి పెట్టుకున్నాడు. ఇల్లంతా సంబరపడింది.

సంబరపడని వాళ్ళెవరంటే బీమా ఆఫీసువాళ్ళు. అక్కడి తెలివితేటలు వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. చిట్టి పనిచేస్తోంది కాబట్టి భత్యం ఆపారు. సరే. భత్యం ఆగింది కాబట్టి బీమా ఆపారు. బీమా ఆగితే ఇంజెక్షన్ ఆగుతుంది. ఇంజెక్షన్ ఆగితే చేతులు ఆగుతాయి. చేతులు ఆగితే పని ఆగుతుంది. అప్పుడు మళ్ళీ భత్యమిస్తారు, బీమా ఇస్తారు, పనికిరాని చేతులకు శుభ్రంగా ఇంజెక్షన్ వేస్తారు. ఇది తయారుచేసినవాడు జీతం తీసుకుని తయారుచేశాడు. వాడి బీమా మాత్రం ఎవరూ ఆపలేదు.

సంగతి కనుక్కోవడానికి ముందు చిట్టి తల్లి వెళ్ళింది. కిటికీ అవతల గుమాస్తా గొణిగాడు. ఇవతల ఈవిడా గొణిగింది. ఇద్దరూ చాలా మర్యాదగా గొణుక్కున్నారు. ఆవిడ ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది.

"కుదరదన్నారే," అంది.

"ఎందుకు కుదరదట?" అని చిట్టి అడిగింది.

"చెప్పాడు గానీ... సరిగ్గా తెలియలేదమ్మా. మళ్ళీ అడిగితే బాగుండదని వచ్చేశా."

"వినపడలా," అంది పిన్ని మెట్ల మీదనుంచి. తరవాత చెప్పులు వేసుకుంది. ఇంజెక్షన్ వేయించుకోవలసింది ఆ వారంలోనే.

చిట్టి తానే వెళ్తానంది. పిన్ని రానవసరం లేదంది. ఉద్యోగం చేస్తున్నందుకు భత్యం పోయిన సంగతి పదిమందిలో అరిపించుకోవడం తనకిష్టం లేదని విడమరిచి చెప్పింది. పిన్ని అంతా విని చిట్టి కుర్చీ వెనక పిడులు పట్టుకుంది.

బీమా ఆఫీసు ముందు ఏటవాలు దారి ఉంది. చక్రాల కుర్చీలకోసమే కట్టారు. ఆ దారి చివర తలుపుంది, తలుపుకు తాళం ఉంది, తాళంచెవి కాపలాదారు దగ్గరుంది. కాపలాదారు టీ తాగడానికి వెళ్ళాడు. పిన్ని అక్కడే నిలబడి అతన్ని పిలిచింది. అతను ఏ కొట్టులో ఉన్నాడో తెలియకపోయినా ఇబ్బంది కలగలేదు. చేతిలో సగం గ్లాసుతో పరిగెత్తుకొచ్చాడు.

లోపల హాలు. నేలకు బిగించిన కుర్చీలు వరసలుగా ఉన్నాయి, చక్రాల కుర్చీ పెట్టుకోవడానికి జానెడు చోటు లేదు. ఎదురుగా అద్దం, అద్దంలో గుండ్రటి కన్నం. ఆ కన్నం నిలబడ్డవాళ్ళకు పొట్ట దగ్గరికి, కూర్చున్నవాళ్ళకు నెత్తి మీదికి వస్తుంది. దాంట్లో మాట్లాడటానికి అనువైన ఎత్తున్న మనిషి ఇంకా పుట్టలేదు. గోడకు స్పీకరు వేలాడుతోంది గానీ దాని తీగ పీకి చుట్టచుట్టి పెట్టారు. జనం ఒక్కొక్కరే వెళ్ళి, వంగి, గుసగుసలాడి, మొహం వేలాడేసుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోతున్నారు. ఎవరికేం చెప్పారో ఎవరికీ తెలియదు.

వరసలో వీళ్ళకు ముందు నీలం చొక్కా పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఒళ్ళో మడతపెట్టిన పేపరు. తన వంతు రాగానే లేచి, కిటికీదాకా వెళ్ళి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి, "మీరు కానివ్వండమ్మా, నాకు తొందరేం లేదు," అని పిన్నికి చోటిచ్చి వెనక్కి వచ్చేశాడు. అంతకుముందు కూడా అలాగే ఒకరికి చోటివ్వడం చిట్టి చూసింది.

గుమాస్తా కంప్యూటరు తెరమీదనుంచి కళ్ళెత్తకుండా పెదాలు కదిపాడు.

"వినపడలా," అంది పిన్ని.

మళ్ళీ కదిపాడు.

"అద్దంలో చేపలా నోరు ఆడిస్తే ఎట్లా నాయనా? గట్టిగా!"

"భత్యం ఆగిందమ్మా, అందుకని బీమా..." చివరి ముక్క మింగేశాడు.

"అంటే దీనికి ఉద్యోగం వచ్చిందని దీని ఇంజెక్షన్ ఆపేశారు! అంతేనా?"

హాలంతా ఇటు తిరిగింది. చిట్టికి తల కొట్టేసినట్టయింది. మొహానికి అడ్డం పెట్టుకోవడానికి ఈసారి గొడుగు కూడా లేదు. గుమాస్తాకు ఎక్కడలేని మర్యాదా ముంచుకొచ్చింది.

"అమ్మా, ఇది ఆ అమ్మాయి సొంత విషయం. అందరికీ వినపడేలా చెప్పకూడదు. గోప్యత పాటించాలి."

"గోప్యత ఎవరికయ్యా? దానికా, నీకా?" పిన్ని చిట్టి వైపు తిరిగింది. "ఏమే, నీకేమన్నా అభ్యంతరమా? వద్దంటే చెప్పు, నోరు మూసుకుంటా."

పిన్ని నోరు మూసుకుంటాననడం చిట్టి పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆమె తన వేళ్ళ వైపు చూసుకుంది. పొద్దున ఆ వేళ్ళతోనే ఒక ముసలావిడ చేతిగడియారం నడిపించి వచ్చింది. వచ్చే నెలకు ఇవి ఉంటాయో లేదో చెప్పవలసిన మనిషి అద్దం అవతల కూర్చుని నీళ్ళు నములుతున్నాడు. ఆమెకు సిగ్గు పోయి కోపం వచ్చింది. అది పిన్ని మీద కాకపోవడం చిట్టికే వింతగా తోచింది.

"అభ్యంతరం లేదు పిన్నీ. గట్టిగానే చెప్పమను," అంది.

గుమాస్తా లేచి నిలబడి అరిచాడు. "భత్యం ఆగితే బీమా కూడా ఆగుతుంది! రూలంతే!"

"ఇప్పుడు వినపడింది," అంది పిన్ని.

ఇంకా కొందరికి వినపడింది. మూడో వరసలోంచి ఒంటిచేతి వడ్రంగి లేచాడు. "అదేంటండీ? నాకు పని దొరికాక బీమా సంగతి అడిగితే రెండేళ్ళు ఆగి రమ్మన్నారు. రెండేళ్ళయ్యాకే వచ్చాను. నాకు ఆగిపోయిందని చెప్పలేదే?"

చూపులేని సంగీతం టీచరు తన కర్ర తడుముకుంటూ నిలబడింది. "నాతో ఉద్యోగం మానేస్తే బీమా మళ్ళీ వస్తుందన్నారు," అంది. కర్ర నేలకు ఆనించి, "మానేశాను," అంది.

పిల్లలకు పాట నేర్పే పని అది. ఎవడో గొణిగిన ఒక్క ముక్కకు దాన్ని వదిలేసుకుంది. ఆ ముక్క మెల్లగా చెప్పారు కాబట్టి అది అబద్ధమని చెప్పేవాళ్ళు పక్కనే కూర్చున్నా ఆమెకు తెలియలేదు.

పక్కనే కూర్చుంది కూడా. కాలు పోయిన బస్సు డ్రైవరు భార్య, భర్త కొత్త చేతికర్రలకోసం వచ్చింది. "ఇదెక్కడి చోద్యమమ్మా? మా ఆయన డిపోలో టికెట్లు లెక్కచూసే పనిలో చేరాక భత్యం ఆగింది గానీ బీమా ఆగలేదే. 'పనిచేసేవాళ్ళ కొనసాగింపు' అని ఒకటుంది. డిపోలో ఎవరో చెబితే పేరుపెట్టి అడిగాం. ఇచ్చారు."

అందరూ గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా స్పీకరు వైపు చూశాడు.

"ఉందా, లేదా?" అంది పిన్ని.

"ఉంది."

"వినపడలా!"

"ఉందమ్మా! ఉంది!"

"మరి మా అక్క వచ్చినప్పుడు చెప్పలేదేం?"

"ఆవిడ అడగలేదండీ. అడిగినవాళ్ళకే చెప్పాలని మాకు ఆర్డరు."

అంతే, పిన్ని అగ్గిమీద గుగ్గిలమైంది. "పేరు తెలిస్తే కదయ్యా అడిగేది! పేరు మీ దగ్గర దాచుకుని, అడగలేదని మా మీద పడతారా? పిండిమరకొచ్చిన మనిషి నెత్తిన గోధుమల బస్తా ఉంటే, ఏం పట్టాలమ్మా అని నేనే అడిగేదాన్ని! నువ్వు అడగలేదుగా అని బస్తాతో పాటు ఇంటికి పంపానా ఎప్పుడన్నా? ఇంజెక్షన్ లేకపోతే పిల్ల చేతులు పోతాయి! తెలుసా నీకు? ఆ తల్లి ఉద్యోగం మానేసింది! ఎవడిస్తాడు తిరిగి? నువ్విస్తావా?"

హాలంతా ఒక్కసారి గొంతు కలిపింది. వడ్రంగి ఉన్న ఒక్కచేత్తోనే అద్దం మీద దబదబా బాదాడు. సంగీతం టీచరు గొంతు అందరికంటే పైకి వెళ్ళింది, అది సాధన చేసిన గొంతు. చిట్టి కూడా అరిచింది. ఏమని అరిచిందో ఆమెకు తరవాత గుర్తులేదు గానీ, అరుస్తున్నంతసేపూ హాయిగా ఉంది.

గోలకు లోపలి గదిలోంచి ఆఫీసరు వచ్చాడు. వస్తూనే పరిస్థితి కనిపెట్టి, పిన్ని దగ్గరగా వచ్చి, తేనె పూసిన గొంతుతో, "లోపలికి రండమ్మా, మీ అమ్మాయి సంగతి కూర్చుని మాట్లాడుకుందాం. మీ పని నేను చేసిపెడతా," అన్నాడు.

"లోపల నాకు వినపడదు," అంది పిన్ని. "ఇక్కడే చెప్పండి. అందరికీ కలిపి చెప్పండి."

ఆఫీసరు కాసేపు పళ్ళు నూరుకున్నాడు. తరవాత స్పీకరు తీగ తగిలించమన్నాడు. పనిచేసేవాళ్ళకు భత్యం ఆగినా బీమా కొనసాగుతుందని, కావలసినవాళ్ళు ఈ రోజే అడగవచ్చని స్పీకర్లో చెప్పాడు. పిన్ని రెండుసార్లు చెప్పించింది. రెండోసారి వడ్రంగి, "ఇప్పుడు మాకూ వినపడింది సార్," అన్నాడు.

చిట్టి సంతకం పెట్టింది. ఆసుపత్రికి ఫోనుచేసి కనుక్కుంది. బీమా మళ్ళీ నడుస్తోందనీ, ఇంజెక్షన్‌కి అనుకున్న రోజే రమ్మనీ అన్నారు. ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని పది వేళ్ళూ ఒకసారి ముడిచి విప్పింది. సంగీతం టీచరు సంతకం పెడుతూ, "రేపు బడికి వెళ్తాను. నా పని నాకు తిరిగివ్వకపోతే అక్కడా ఇలాగే అరుస్తాను," అంది. తప్పు ఆఫీసుది, పరుగులు మాత్రం ఆమెవి. ఈ ఒక్కటీ ఎంత అరిచినా సరికాలేదు. అరిచి అరిచి బొంగురుపోయిన గుమాస్తాకు పిన్ని తన సీసాలో నీళ్ళిచ్చింది. ఇస్తూ కూడా తిట్టింది.

"ఇంక వెళదామా పిన్నీ? మన పని అయిపోయిందిగా," అంది చిట్టి.

పిన్ని సీసా మూత బిగించింది. ఆఖరి వరసకు వెళ్ళి నీలం చొక్కా పెద్దాయన పక్కన కూర్చుంది. చిట్టి కుర్చీ తిప్పుకుని వెనకే వెళ్ళింది.

"మీ వంతు ఎన్నిసార్లు వదిలేస్తారు అన్నయ్యగారూ?" అంది పిన్ని.

పెద్దాయన పేపరు మడత విప్పి మళ్ళీ మడిచాడు. చిట్టినీ, చుట్టూ ఉన్నవాళ్ళనూ చూసి ఎర్రబడ్డాడు. తరవాత పిన్ని వైపు వంగి ఏదో అన్నాడు. మూరెడు దూరంలో ఉన్న చిట్టికి ఒక్క అక్షరం వినపడలేదు. అసలు ఆయనకే వినపడి ఉండదు.

వినపడలా అని పిన్ని ఇప్పుడు అరుస్తుంది, ఈ పెద్దమనిషి ప్రాణం అక్కడికక్కడే పోతుంది అనుకుంది చిట్టి.

పిన్ని అరవలేదు. చెవి ఆయన నోటి దగ్గర పెట్టి పూర్తిగా వింది. "ఊఁ" అంది. "రాత్రిళ్ళేనా?" అని అడిగింది, చిట్టి ఆ గొంతులోంచి ఎన్నడూ విననంత మెల్లగా. ఆయన తలూపాడు. "సరే, మీరు కూర్చోండి," అని లేచింది. నేరుగా కిటికీ దగ్గరకు వెళ్ళి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇదిగో నాయనా! నాకు మూత్రం ఆగడం లేదు! రాత్రిళ్ళు పక్క తడిసిపోతోంది! పెద్దవాళ్ళ డైపర్లు మీ బీమాలో ఇస్తారా, ఇవ్వరా?"

హాల్లో నలుగురు ఉలిక్కిపడ్డారు. ఇద్దరు నవ్వాపుకోలేక చేతులు అడ్డం పెట్టుకున్నారు. నీలం చొక్కా పెద్దాయన ఒళ్ళో పేపరు తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చదువుతున్నాడు. ఆయన చెవులు మాత్రం కిటికీ దగ్గరే ఉన్నాయి.

"ఇస్తామమ్మా!" అని అరిచాడు గుమాస్తా. అతనికి అప్పటికి అలవాటైపోయింది. "డాక్టరు చీటీ తెస్తే చాలు! నెలనెలా ఇంటికే పంపిస్తాం!"

"పెట్టె మీద సరుకు పేరు రాసి వీధిలో అందరికీ చూపిస్తారా?"

"లేదమ్మా! మామూలు అట్టపెట్టెలో వస్తుంది! ఏమీ రాసి ఉండదు!"

పెద్దాయన భుజాలు కిందికి దిగాయి. పేపరు సరిగ్గా తిప్పుకున్నాడు. చిట్టి ఆయన్ని చూసింది, కిటికీ దగ్గర జబ్బలు చరుచుకుంటూ తన మూత్రం గురించి లోకానికి చాటుతున్న మనిషిని చూసింది. ఈవిడతో బజారుకు వెళ్ళినప్పుడల్లా తల ఎందుకు దించుకున్నానా అని తన మీద తనకే కోపం వచ్చింది.

బస్సు డ్రైవరు భార్య జాలిగా చిట్టి దగ్గరకు జరిగి, చెవిలో గుసగుసగా అడిగింది.

"పాపం, మీ పిన్నిగారికి ఈ ఇబ్బంది ఎప్పటినుంచమ్మా?"

"ఇప్పుడే మొదలైందండీ," అంది చిట్టి.